కట్ ఎక్కడ పెట్టాలి: మా ఆసు డాక్యుమెంటరీ డైరీ

మొదలు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి డాక్యుమెంటరీ తీయాలి. టైటిల్స్‌తో కలిపి 12 నిమిషాలు దాటితే తీసుకోరు. నేను మా పెద్దమ్మ మీద తీస్తున్నాను. వాళ్ళది పోచంపల్లి దగ్గర ఊరు, హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ వేళకి ఇంట్లో ఉంటాం. ఇంట్లో రెండు మగ్గాలు. నేసేది పెద్దబాపు, అన్న. పెద్దమ్మ ఆసు పోస్తుంది.

ఆసు గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, ఇది తెలిస్తేనే నా ఎడిటింగ్ గోల అర్థమవుతుంది. ఇక్కత్ చీరలో రంగు నేయకముందే దారానికి పడుతుంది. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో దారాన్ని బిగించి కడతారు, దాన్ని చిటికి కట్టడం అంటారు. అలా కట్టాలంటే ముందు పేక దారాన్ని ఒక చెక్క చట్రం మీద వరసగా పేర్చుకోవాలి. చట్రానికి ఒక పక్క ఒకటే కొయ్య, దాని ఎదురుగా అర్ధచంద్రంలా కొయ్యల వరస. దారం ఇటు కొయ్య నుంచి అటు కొయ్యకి, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, ఆ కొయ్య లెక్క అయిపోతే పక్క కొయ్యకి. ఇదే ఆసు పోయడం, ఆ చట్రాన్నీ ఆసు అనే అంటారు. ఒక చీరకి చెయ్యి 9 వేల సార్ల దాకా ఆడుతుందని లెక్క చెప్తారు, నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే ఈ పనికి యంత్రం తయారుచేశారు. 1999 నాటికి అది పూర్తయింది, దానికి అమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పెద్దమ్మ వాళ్ళ వాడకట్టులో కూడా ఇప్పుడు చాలామంది దారం యంత్రం మీదే పోయించుకుంటున్నారు. పెద్దమ్మ మాత్రం కొన్ని డిజైన్లకి ఇంకా చేత్తోనే పోస్తుంది. ఎందుకు పెద్దమ్మా అంటే "నా చెయ్యికి ఎరుకే బిడ్డా, లెక్క తప్పది" అంటుంది.

సామాను: కాలేజీలో ఇచ్చిన సోనీ ఏ6400, దాంతో వచ్చిన 16-50 లెన్స్, అడిగి తెచ్చుకున్న 50 ఎంఎం లెన్స్, ఒక ట్రైపాడ్, జూమ్ హెచ్1ఎన్ రికార్డర్. మనుషులం ముగ్గురం, నేను, కెమెరాకి మా క్లాస్‌మేట్, సౌండ్‌కి ఒక జూనియర్ తమ్ముడు. ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో, నా లాప్‌టాప్ మీద.

షూటింగ్, మొదటి రోజు

మొదటి రోజు తీసినవన్నీ దాదాపు క్లోజప్‌లే. వేళ్ళు, దారం, కొయ్య, గాజులు, మళ్ళీ వేళ్ళు. 50 ఎంఎం పెట్టి ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కన్నం) 1.8కి తెరిస్తే వెనకంతా మసకబారి దారం ఒక్కటే మెరుస్తుంది, కెమెరా స్క్రీన్‌లో చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. అందంగా ఉంది కాబట్టి తీస్తూ పోయాం. ఆ రాత్రి లాప్‌టాప్‌లో వేసుకుని చూశాక రెండు సంగతులు తెలిశాయి.

మొదటిది టెక్నికల్. కెమెరా ఎన్‌టీఎస్‌సీ మోడ్‌లో (60 సైకిల్స్ కరెంటు ఉన్న అమెరికా లాంటి దేశాల వీడియో పద్ధతి) ఉండిపోయింది, నేను చూసుకోలేదు. సెకనుకి 30 ఫ్రేములు, షట్టర్ 1/60, అంటే ఒక్కో ఫ్రేము మీద సెకనులో అరవయ్యో వంతు సేపు వెలుగు పడుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్. మన కరెంటు 50 సైకిల్స్, అంటే లైటు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు విడతల వెలుగు పడుతుంది, అన్ని ఫ్రేములూ ఒకేలా ఉంటాయి. 1/60లో ఆ లెక్క కుదరదు, గోడ మీద మసక పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. మా ఫుటేజీలో లోపలి గది షాట్లన్నిట్లో పెద్దమ్మ వెనక గోడ మీద ఆ పట్టీలే. పైగా తర్వాతి రోజుల్లో 25 ఫ్రేములకి మార్చి తీశాం కాబట్టి, మొదటి రోజు షాట్లని 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో షాట్లు వరసగా పేర్చే పట్టీ) వేస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది. మామూలు షాట్‌లో ఇది కంటికి ఆనదు. కానీ ఆసు పోసే చెయ్యి ఒకే వేగంతో సాఫీగా ఆడుతుంది, అందులో ఒక్క ఫ్రేము పోయినా చెయ్యి తడబడినట్టు కనిపిస్తుంది. నలభై ఏళ్ళుగా తడబడని చెయ్యిని నా నిర్లక్ష్యం వల్ల తడబడేలా చేశాననిపించి చాలా బాధేసింది. మొదటి రోజు లోపలి గది షాట్లు మొత్తం పక్కన పెట్టేశాను.

రెండోది ఇంకా పెద్ద సంగతి, అప్పటికి సగమే అర్థమైంది. అన్ని క్లోజప్‌లు వరసగా చూస్తుంటే నొప్పి ఎక్కడా లేదు. పెద్దమ్మకి నొప్పి ఉండేది వేళ్ళలో కాదు, భుజంలో, రెక్క ఎముక దగ్గర. నేను భుజాన్ని ఫ్రేములోకే రానివ్వలేదు.

షూటింగ్, రెండో విడత

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి బస్సులోనే షాట్ల పట్టిక రాసుకున్నాను. పెద్దమ్మ వెనక నుంచి, కుడి భుజం ఫ్రేములో సగం పైగా, చెయ్యి దూరంగా మసగ్గా. పక్క నుంచి నడుము దాకా. గది మూల నుంచి వైడ్ (గది అంతా కనిపించే షాట్), అందులో ఆసు, పెద్దమ్మ, గడప అవతల మగ్గం మీద పెద్దబాపు, ముగ్గురూ ఒకే చోట ఉండేలా (ఆసుని కూడా మనిషిలాగే లెక్కపెడుతున్నాను, ఆ ఇంట్లో అది అంతే).

వెనక నుంచి తీసిన షాట్ నా ఈ ప్రాజెక్టులో నేను నిజంగా ఆలోచించి ఎంచుకున్న మొదటి షాట్. జాకెట్ బట్ట కింద రెక్క ఎముక లేచి దిగడం కనిపిస్తుంది. చెయ్యి కనిపించకపోయినా పని కనిపిస్తుంది. పావుగంట అయ్యేసరికి ఆ కదలికలో చిన్న మార్పు వస్తుంది, భుజం కొంచెం ముందుకు వాలుతుంది, పెద్దమ్మ మెడని ఒకసారి ఎడమకి తిప్పుకుంటుంది, ఆపకుండానే.

ఒక తప్పు ఇక్కడ కూడా చేశాం. పక్క నుంచి తీసే షాట్‌ని ఉదయం కిటికీ వైపు నుంచి, మధ్యాహ్నం ఎండ మారిందని గోడ వైపు నుంచి తీశాం. ఉదయం షాట్‌లో చెయ్యి ఎడమ నుంచి కుడికి సాగితే మధ్యాహ్నం షాట్‌లో కుడి నుంచి ఎడమకి. 180 డిగ్రీల గీత దాటకూడదని, అంటే కెమెరా ఎప్పుడూ మనిషికి ఒకే పక్కన ఉండాలని, రెండేళ్ళ నుంచి వింటున్నాం, రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం, కానీ ఎండ మారగానే గీత గుర్తులేదు. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు వేరువేరు మనుషులు ఎదురెదురుగా దారం విసురుకుంటున్నట్టుంది. మొదటి రోజు వాకిట్లో ఎండలో తీసిన ఒక కొయ్య క్లోజప్, సరిగ్గా ఎదురు నుంచి తీసింది, దానికి ఎడమ కుడి తేడా లేదు కాబట్టి మధ్యలో పెడితే కన్ను ఒప్పుకుంటోంది. ఆ రోజు తీసిన వాటిలో పనికొచ్చినది ఆ ఒక్కటే. అందులో చెయ్యి ఒక్కసారి మాత్రమే వచ్చి పోతుంది, అందుకే తడబాటు తెలియడం లేదు.

ఇంకో మాట. పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తింపు ఇచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి కూడా కెమెరాలు అలవాటే. అందుకని పెద్దమ్మకి కెమెరా అంటే బెరుకు లేదు, కానీ కెమెరా చూడగానే ఫోటోకి నిలబడినట్టు కొంచెం నిటారుగా కూర్చుంటుంది, చీర కొంగు సర్దుకుంటుంది, చెయ్యిని కొంచెం నెమ్మదిగా ఆడిస్తుంది, మనకి బాగా కనబడాలని. అది ఆమె మర్యాద. ఆ మర్యాద కరిగి మామూలుగా పనిలో పడేసరికి ఇరవై నిమిషాలైనా పట్టేది. అంతసేపు మెమరీ కార్డు ఖర్చవుతున్నా రికార్డింగ్ ఆపొద్దని మా కెమెరా స్నేహితుడికి చెప్పాను. అది మంచి పని చేశాను.

ఫుటేజీ చూడటం

మొత్తం 6 గంటల 20 నిమిషాలు. 4కెలో సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన గంటకి 45 జీబీ, అంటే దాదాపు 285 జీబీ. లాప్‌టాప్ మోయలేకపోతోంది, సగం సైజు ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు) చేసుకుని మొదలుపెట్టాను. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీ పెట్టాను, ఒకటి నా దగ్గర, ఒకటి సౌండ్ తమ్ముడి దగ్గర.

ప్రతి క్లిప్పూ మొదటి నుంచి చివరి దాకా చూసి నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. క్లాసులో కొంతమంది టైమ్‌లైన్‌లో పడేసి స్పీడ్‌గా గీకుతూ పోతారు, నాకు అలా చేస్తే ఏ షాట్‌లో ఊపిరి ఉందో తెలియదు. నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లు పెట్టుకున్నాను. ఒకదానిలో షాట్‌లో ఏముందో, రెండోదానిలో మొదటిసారి చూసినప్పుడు నాకేమనిపించిందో. రెండోదే ముఖ్యం, ఎందుకంటే యాభైసార్లు చూశాక ఏ షాట్ చూసినా ఏమీ అనిపించదు, అప్పుడు మొదటిసారి రాసుకున్న మాటే దిక్కు.

మొదటి అసెంబ్లీ, అంటే పనికొచ్చే షాట్లన్నీ వరసగా పేర్చింది, 31 నిమిషాలు. అందులోంచి రఫ్ కట్ (మొదటి చిత్తుప్రతి) 17 నిమిషాలకి తెచ్చాను. చిటికి కట్టడం, రంగు అద్దడం, కండెలు (పేక దారం చుట్టే చిన్న గొట్టాలు) చుట్టడం, మగ్గం, అన్నీ ఉన్నాయి. ఇక్కడిదాకా పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు, వంట చేసేముందు బియ్యం ఏరుకోవడం లాంటి పని.

42 షాట్ల సీక్వెన్స్

12కి తేవాలంటే ఆసు భాగాన్ని కుదించాలి. పెద్దబాపు మగ్గం చప్పుడు తీసుకుని ఆ దెబ్బకి తగ్గట్టు కట్‌లు పెట్టాను. చెయ్యి, కొయ్య, దారం, గాజు, ముఖం, చెయ్యి, కన్ను, దారం. ఒక నిమిషం 50 సెకన్లలో 42 షాట్లు. మూడు రాత్రులు కూర్చున్నాను దానికోసం. మగ్గం దెబ్బ పడిన ఫ్రేము మీదే చెయ్యి కొయ్యని తాకేలా అంగుళం అంగుళం జరిపాను. క్లాసులో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మా మేడమ్ కూడా రిథమ్ బాగుందన్నారు.

ఆ రాత్రి పడుకోబోతూ ఇంకోసారి చూశాను. అప్పుడు తెలిసింది ఏదో తేడాగా ఉందని. పెద్దమ్మ అందులో అలిసిపోవడం లేదు. నాట్యం చేస్తున్నట్టుంది. ఒక్కో షాట్ రెండున్నర సెకన్లు, ప్రతి షాట్‌లోనూ చెయ్యి అప్పుడే పని మొదలుపెట్టినంత తాజాగా ఉంది, ఎందుకంటే చెయ్యి బరువెక్కేలోపే నేను కట్ చేసేస్తున్నాను. నేను కట్ పెట్టిన ప్రతిసారీ ఆమె పనిని కాస్త తేలిక చేస్తున్నాను. నాలుగైదు గంటల పనిని ఒక నిమిషం 50 సెకన్లు చేయడం వేరు, దాన్ని ఒక నిమిషం 50 సెకన్ల సరదా పనిలా కనిపించేలా చేయడం వేరు, నేను చేసింది రెండోది. యంత్రం అక్కర్లేనట్టుంది ఆ సీక్వెన్స్ చూస్తే. ఒక కొడుకు అమ్మ భుజం చూసి ఏళ్ళ తరబడి యంత్రం కోసం ఎందుకు తపించాడో ఆ 42 షాట్లు చూసినవాళ్ళకి అర్థం కాదు.

వాల్టర్ మర్చ్ అనే ఎడిటర్ కట్ ఎక్కడ పెట్టాలో చెప్తూ ఆరు విషయాలకి మార్కులు వేశాడు. భావానికి 51 శాతం, కథకి 23, లయకి 10, చూసేవాళ్ళ కన్ను తెర మీద ఎక్కడుందో దానికి 7, మిగతా రెండిటికీ కలిపి 9. ఇది పరీక్షకి బట్టీపట్టాం. ఆ రాత్రి నా సీక్వెన్స్‌కి ఆ మార్కులు వేసి చూసుకుంటే లయకి పదికి పది వచ్చాయి, భావం దగ్గర ఏం రాయాలో తెలియలేదు. పెద్దమ్మని చూస్తుంటే నాకేమనిపిస్తుందో అది అందులో లేదు.

నాలుగు నిమిషాల పది సెకన్లు

నోట్‌బుక్ తెరిచి రెండో కాలమ్ మొత్తం మళ్ళీ చదివాను. రెండో విడత మూడో రోజు, మధ్యాహ్నం, గది మూల నుంచి తీసిన వైడ్ షాట్ పక్కన "ఇది చూస్తుంటే నా భుజం నొప్పి పుట్టింది" అని రాసి ఉంది. అప్పుడు రాసి మర్చిపోయాను, వైడ్ కదా ఒక ఐదు సెకన్లు వాడదాం అనుకున్నాను.

ఆ షాట్ తీసినప్పుడు మేం ఎవ్వరం గదిలో లేం. కెమెరా ట్రైపాడ్ మీద రన్ అవుతోంది, మేము వాకిట్లో అన్నం తింటున్నాం. పెద్దమ్మ ఒక్కతే ఉంది. ఫ్రేములో మొదట చెయ్యి ఆడుతూనే ఉంటుంది. ఒక నిమిషం అయ్యాక చూసేవాళ్ళకి కొంచెం విసుగొస్తుంది. రెండో నిమిషంలో విసుగు పోయి కొయ్యలు లెక్కపెట్టడం మొదలుపెడతాం. మూడో నిమిషం దగ్గర పెద్దమ్మ ఆపకుండా ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని నొక్కుకుంటుంది, కుడి చెయ్యి మాత్రం పని చేస్తూనే ఉంటుంది. ఆ తర్వాత దాదాపు నిమిషం పాటు అలాగే, ఒక చెయ్యి ఇంకో చెయ్యిని మోస్తున్నట్టు. చివర్లో గడప అవతల మగ్గం చప్పుడు ఆగిపోతుంది, పెద్దబాపు "తిన్నవా" అంటాడు, "తింట" అంటుంది, చెయ్యి ఆగదు.

42 షాట్లూ తీసేసి ఆ ఒక్క షాట్ పెట్టాను. 12 నిమిషాల సినిమాలో 4 నిమిషాల 10 సెకన్లు ఒకే షాట్. చాలా టెన్షన్ పడ్డాను. చూసేవాళ్ళు ఫోన్లు తీస్తారేమో, మేడమ్ ఎడిటింగ్ ప్రాజెక్టులో ఎడిటింగ్ ఏదమ్మా అంటారేమో అని. కానీ సినిమా పుట్టిందే ఇలాంటి షాట్లతో. లూమియేర్ సోదరులు 1895లో చూపించినవి ఒక్కోటీ దాదాపు 50 సెకన్లు, ఒకే షాట్, కట్ లేదు. వాటిలో ఒకటి ఫ్యాక్టరీ గేటు నుంచి పనివాళ్ళు బయటికి రావడం. క్లాసులో అది చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది, గేటు లోపల వాళ్ళేం చేసివచ్చారో కెమెరా చూడలేదు కదా అని. నా కెమెరా లోపలే ఉంది. ఉన్నప్పుడు చూపించాలి.

ఆ షాట్ నిలబడాలంటే దాని ముందూ వెనకా ఉన్నవి మారాలి, ఇది తెలియడానికి ఇంకో వారం పట్టింది. దాని ముందు రంగుల గిన్నెలు, చకచకా కట్‌లు ఉంటే ఈ షాట్ రాగానే బండికి బ్రేకు వేసినట్టు అవుతోంది. అందుకని ముందరి మూడు నిమిషాల్లో కట్‌లని మెల్లగా పలచన చేసుకుంటూ వచ్చాను. మొదట్లో షాట్‌కి మూడు సెకన్లు, తర్వాత ఐదు, ఎనిమిది, వెనక నుంచి తీసిన భుజం షాట్ 20 సెకన్లు, ఆ తర్వాత ఇది. కన్ను అలవాటు పడుతోంది. భుజం షాట్ ముందే చూశారు కాబట్టి వైడ్‌లో పెద్దమ్మ చిన్నగా కనిపించినా అందరి కన్నూ భుజం మీదే ఉంటోంది. ఇద్దరు స్నేహితుల్ని విడివిడిగా కూర్చోబెట్టి, సినిమా కాకుండా వాళ్ళ ముఖాలు చూస్తూ పరీక్షించాను. ఇద్దరూ మూడో నిమిషంలో తమ భుజం కదిలించుకున్నారు.

ముఖం షాట్ గురించి

పెద్దబాపు ఒకచోట కూలి గురించి మాట్లాడతాడు, చీర అమ్ముడుపోయేదాకా షావుకారు డబ్బు ఆగుతుందని. ఆ మాట మీద పెద్దమ్మ ముఖం ఒకటి పెట్టాను, కిందికి చూస్తూ, పెదవి బిగించి, కళ్ళలో నీళ్ళున్నాయా అన్నట్టు. ఎంత బాగా కుదిరిందంటే చూసిన ప్రతివాళ్ళూ ఆ షాట్ దగ్గరే అయ్యో అన్నారు.

అది ఆ సమయంలో తీసింది కాదు. ముందు రోజు కరెంటు పోయి, మేము లైటు కోసం ఆగినప్పుడు, పెద్దమ్మ గచ్చు మీద చీమల బారు చూస్తూ కూర్చున్నప్పటిది. ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, చిన్నపిల్ల పక్కన పెడితే చూసేవాళ్ళు అందులో మూడు వేరువేరు భావాలు చదివారని రష్యాలో కులెషోవ్ చేసిన ప్రయోగం గురించి చెప్తారు. కథాచిత్రంలో ఇది మా చేతిలో ఉన్న గొప్ప శక్తి, నాకు దాని మీద ప్రేమే. కానీ ఇక్కడ ఆ ముఖం మా పెద్దమ్మది. చీమల్ని చూస్తున్న ఆమె ముఖానికి నేను ఏడుపు అంటగట్టాను. నిజంగా ఆ మాట పెద్దబాపు అన్నప్పుడు ఆమె ఏం చేసిందో ఫుటేజీలో వెతికితే, పక్క గది నుంచి గొంతు మాత్రమే వినిపిస్తుంది, "ఇప్పుడవన్ని ఎందుకు పిల్లలకు" అని. ముఖం తీసేశాను. పెద్దబాపు షాట్ మీదే ఆ గొంతు వదిలాను. ఇప్పుడు ఎవరూ అయ్యో అనడం లేదు, పెద్దబాపు ఒక్క క్షణం ఆగి నాడె (మగ్గంలో పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళేది) చేతిలోకి తీసుకోవడం మాత్రం అందరూ చూస్తున్నారు.

సౌండ్

సౌండ్ తమ్ముడు గది నిశ్శబ్దం (ఎవరూ మాట్లాడనప్పటి గది చప్పుడు, కట్‌ల కింద పరచడానికి) 40 సెకన్లే రికార్డు చేశాడు. కనీసం రెండు నిమిషాలైనా తీసుకోవాల్సింది, చెప్పాల్సింది నేనే. పైగా పక్కింటి టీవీలో సీరియల్. పెద్దమ్మ మాటల మధ్య ఎక్కడ కట్ పెట్టినా వెనక సీరియల్ డైలాగు సగంలో తెగిపోయి కట్ దొరికిపోతోంది. రెండు చోట్ల మాటలు కుదించాలనుకున్నవి ఇందువల్లే మొత్తంగా ఉంచేశాను. ఉంచాక చూస్తే అవే మంచి చోట్లు, పెద్దమ్మ మాటకి మాటకి మధ్య దారం చూసుకునే ఆ విరామం కుదిస్తే ఆమె వేరే మనిషిలా మాట్లాడుతోంది.

ఇక్కత్ డిజైన్ అంచు గీత గీసినట్టు ఉండదు, ఒక రంగు పక్క రంగులోకి కొంచెం పాకి ఉంటుంది. టైమ్‌లైన్‌లో సౌండ్‌ని నేను అలాగే చేస్తున్నాను. మగ్గం గది బొమ్మ రాకముందే నాలుగు సెకన్లు మగ్గం చప్పుడు వస్తుంది, ఆసు షాట్ అయిపోయాక గాజుల చప్పుడు తర్వాతి షాట్ మీదికి కొంచెం పాకుతుంది. క్లాసులో వీటికి జే కట్, ఎల్ కట్ అని పేర్లు, నాకు మాత్రం పెద్దబాపు నేసే అంచే గుర్తొస్తుంది.

పెద్దమ్మకి చూపించిన రోజు

లాప్‌టాప్ తీసుకుని ఊరికి వెళ్ళాను. అన్నం తిన్నాక పెద్దమ్మ, పెద్దబాపు, అన్న, పక్కింటి అత్త, నలుగురూ చాప మీద కూర్చున్నారు. పెద్దబాపు చిటికి కట్టే షాట్లు చూసి "ఇది ఉల్టా చూపిస్తున్నవ్, మొదలు గుర్తు పెట్టుడు, తర్వాత కట్టుడు" అన్నాడు. నిజమే, రెండు షాట్లు తారుమారు అయ్యాయి, అక్కడే మార్చాను.

పెద్ద షాట్ వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి పెద్దమ్మ ముఖం చూస్తున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. రెండో నిమిషం దాటాక ఒక చోట ఆగి, "ఆగు బిడ్డా, ఎన్కకు తిప్పు" అంది. తిప్పాను. "ఈడ మూడు కొయ్యలు ఎగిరిపోయినయ్. నేనట్ల ఎన్నడు చెయ్యలే."

నాకు చెమట్లు పట్టాయి. ఎందుకంటే ఆ షాట్‌లో ఒక కట్ ఉంది. అసలు షాట్ 4 నిమిషాల 48 సెకన్లు. మేడమ్ కొంచెం తగ్గించమంటే మధ్యలోంచి 38 సెకన్లు తీసి, కెమెరా కదలదు కాబట్టి, చెయ్యి ఒకే చోట ఉన్న రెండు ఫ్రేములు వెతికి అతికించి, అతుకు మీద గాజుల చప్పుడు పరిచి దాచాను. క్లాసులో ముప్పై మంది చూశారు, ఒక్కరికీ తెలియలేదు. నేను ఈ డైరీలో కూడా పైన నాలుగు నిమిషాల పది సెకన్లు ఒకే షాట్ అని రాశాను, అది సరి కాదు, ఇప్పుడు చెప్తున్నాను. చూసేవాళ్ళ కన్ను ఎక్కడుందో చూసుకుని అతుకు పెట్టాను, అందరి కన్నూ భుజం మీదే ఉంది. పెద్దమ్మ కన్ను మాత్రం కొయ్యల మీద ఉంది.

"అందరు జూస్తరు గద, లెక్క తప్పింది అనుకుంటరు" అంది. కోపంగా ఏమీ అనలేదు. పక్కింటి అత్త కూడా "అవ్ పో, ఎగిరినయ్" అంది.

తిరిగొచ్చాక

రాత్రి బస్సు దిగి ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచాను. 38 సెకన్లు తిరిగి పెట్టేశాను. సినిమా 12 నిమిషాల 34 సెకన్లు అయింది. ఎక్కడో 34 సెకన్లకి పైగా పోవాలి.

నాకు ఇష్టమైన షాట్ ఒకటుంది, మొదట్లో వచ్చేది. రంగు గిన్నెలో దారం ముంచి పైకి లేపినప్పుడు ఎర్ర నీళ్ళు ధారగా కారుతుంటే పొద్దుటి ఎండ అందులోంచి పడుతుంది. దాని కోసం మా కెమెరా స్నేహితుడు గంటన్నర నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూడచక్కని షాట్, 22 సెకన్లు. పెద్దమ్మ గురించి అది ఏమీ చెప్పడం లేదు. వాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ అతుకు నాకూ తెలియలేదు, పెద్దమ్మకి ఎట్లా తెలిసింది" అన్నాడు. కొయ్యలు లెక్కపెట్టిందని చెప్పాను. "సరే తీసెయ్" అన్నాడు.

మిగతా 14 సెకన్లు ఊరి వీధి షాట్ల నుంచి తీశాను. ఇప్పుడు 11 నిమిషాల 58 సెకన్లు. బొమ్మ లాక్ చేశాను, ఇక షాట్లు మార్చను, ప్రాక్సీలు తీసి అసలు ఫైళ్ళు కలిపాను. రేపు కలర్, పెద్దమ్మ జాకెట్ పచ్చ రంగు ఉదయం షాట్‌లకీ మధ్యాహ్నం షాట్‌లకీ తేడాగా ఉంది, అది సరిచేయాలి. ఆదివారం మళ్ళీ ఊరికి వెళ్ళి చూపించాలి. ఈసారి మొదటి కొయ్య నుంచీ లెక్కపెడతానంది.